48 డిగ్రీల నది

అట్లాంటా నగర ప్రాంతంలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, వనభోజనాల నిర్వాహకులకు బహిరంగ లేఖ



మే నెల చివరి సోమవారం నాటి మెమోరియల్ డే సెలవుతో మొదలై సెప్టెంబరు మొదటి సోమవారం నాటి లేబర్ డేతో ముగిసే వేసవిలో, జాన్స్ క్రీక్, ఆల్ఫరెటా, కమింగ్, సువానీ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, చదువుల కోసం కొత్తగా వచ్చిన విద్యార్థులకూ, పిల్లలను చూసిపోవడానికి వచ్చిన తల్లిదండ్రులకూ చట్టహూచీ నది ఇంటికి దగ్గరలో ఉన్న విహారస్థలం. స్వదేశంలో కార్తికమాసాన ఉసిరిచెట్టు నీడలో జరిగే వనభోజనాలు అమెరికాలో చాలాచోట్ల చలికి వెరచి వేసవిలోకి జరిగాయి కనుక, ఆ విందుల దారి నీటి ఒడ్డుకు పోవడంలో వింత లేదు. ఆ నీటిలో ఉన్న ఒక ప్రమాదం ప్రవాహవేగం వల్ల గాని, లోతు వల్ల గాని, సుడిగుండాల వల్ల గాని కాక కేవలం చల్లదనం వల్ల కలుగుతుంది. మండుటెండలో ఒడ్డున నిలబడిన మనిషికి అది ఎంతమాత్రం తోచదు. దానిని సంఘాల దృష్టికి తెచ్చి, వాటి చేతిలో ఉన్న ఒక చిన్న పనిని అడగడమే ఈ లేఖ ఉద్దేశం.

మొదట ఒక అంకెను గురించి చెప్పుకోవాలి. బ్యూఫోర్డ్ ఆనకట్టకు సరిగ్గా దిగువన నదీజలాల ఉష్ణోగ్రత నడివేసవిలో సైతం 50 డిగ్రీలకు అటూ ఇటూగా, తరచు 48 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ లెక్క ఫారెన్‌హీట్ మానంలోనిది. సెల్సియస్ మానంలో పెరిగి పెద్దయిన తెలుగువారికి 48 అనే అంకె వినగానే పల్నాటి రెంటచింతల, రోహిణి కార్తె, వడగాడ్పు గుర్తుకు వస్తాయే తప్ప చలి గుర్తుకు రాదు. సెల్సియస్‌లోకి మార్చితే ఆ అంకె సుమారు 9 డిగ్రీలు అవుతుంది. అంటే ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన మంచినీళ్ల సీసాకూ ఆ నదికీ తేడా నాలుగైదు డిగ్రీలే. అదే రోజున అట్లాంటాలో గాలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ ఉండవచ్చు. ఒడ్డున ఉన్న మనిషి గాలిని బట్టి బట్టలు వేసుకుంటాడు, గాలిని బట్టి ధైర్యపడతాడు, అడుగు మాత్రం నీటిలో పెడతాడు.

నడివేసవిలో నది అంత చల్లగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు జవాబు ఎగువనే ఉన్న లేనియర్ జలాశయంలో దొరుకుతుంది. చట్టహూచీ మీద కవిత రాసిన సిడ్నీ లేనియర్ పేరు పెట్టిన ఈ జలాశయం, అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం 1950లలో నిర్మించిన బ్యూఫోర్డ్ ఆనకట్ట వెనుక ఏర్పడింది. నీటికి ఒక విచిత్ర గుణం ఉంది: అది 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యంత సాంద్రంగా, అంటే అదే పరిమాణానికి అత్యంత బరువుగా ఉండి, వేడెక్కే కొద్దీ తేలికవుతుంది. చలికాలంలో చల్లబడిన నీరు బరువెక్కి జలాశయం అడుగుకు చేరుతుంది; వసంతంలో ఎండ ముదిరే కొద్దీ పైపొర వేడెక్కి, తేలికై, నూనెలా పైనే తేలుతుంది. రెండు పొరల మధ్య, కొద్ది మీటర్ల లోతులోనే ఉష్ణోగ్రత వేగంగా పడిపోయే సన్నని మధ్యపొర ఒకటి ఏర్పడుతుంది. దీనిని శాస్త్రజ్ఞులు థర్మోక్లైన్ అంటారు. ఈ మధ్యపొర మూతలా పనిచేసి పైనీరు కిందికీ, కిందినీరు పైకీ పోనివ్వదు కనుక, జూలైలో జలాశయం పైపొర 29 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కి ఈతగాళ్లకు గోరువెచ్చగా తగులుతున్నప్పుడు కూడా, అడుగున గడిచిన శీతకాలపు నీరు చెక్కుచెదరకుండా నిలిచి ఉంటుంది. విద్యుత్తు ఉత్పత్తి చేసే టర్బైన్లకు నీటిని అందించే ద్వారాలు ఆ లోతులోనే ఉన్నాయి. అందువల్ల ఆనకట్ట కిందికి దూకేది జూలై నీరు కాదు, జనవరి నీరు. ఒకే జలాశయపు పైభాగంలో పొద్దున ఈత కొట్టి, సాయంత్రం ఆనకట్టకు దిగువన నదిలో దిగిన కుటుంబం ఒక్క రోజులో రెండు ఋతువుల నీటిలో దిగినట్టవుతుంది.

ఈ చల్లదనానికి సాక్ష్యం వెతకవలసిన అవసరం లేదు. ట్రౌట్ అనే చేప చన్నీటిలో తప్ప బతకదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల ఎండకు వెచ్చబడే నదుల్లో దానికి చోటు లేదు. ఆనకట్ట రాక ముందు వెచ్చని నీటి నది అయిన చట్టహూచీ, ఆనకట్ట వచ్చిన తరువాత ట్రౌట్ వేటగాళ్లకు పేరుమోసిన నదిగా మారింది. ఆ వేటగాళ్లు నడివేసవిలో కూడా నడుము పైదాకా నీరు చొరని రబ్బరు తొడుగులు వేసుకుని నీటిలో నిలబడటం ఒడ్డున ఉన్నవారికి కనిపిస్తూనే ఉంటుంది. మరో సాక్ష్యం పొగమంచు. వేడిగా, తేమగా ఉన్న గాలి చన్నీటిని తాకి తనలోని ఆవిరిని వదులుకోవడం వల్ల వేసవి ఉదయాల్లోనూ సాయంత్రాల్లోనూ నది మీద తెల్లని పొర పరుచుకుంటుంది. ఫోటోలకు ఎంతో అందంగా అమరే ఆ పొగమంచును ఉష్ణమాపకంగా చదవడం తెలిసినవారు తక్కువ. దిగువకు పోయే కొద్దీ నీరు కొంత వేడెక్కుతుంది గాని, టర్బైన్లు తిరిగిన ప్రతిసారీ కొత్తగా చన్నీటి తెర ఒకటి కొన్ని గంటల ప్రయాణం మీద దిగువ రేవులకు చేరుతూనే ఉంటుంది.

ఇంత స్పష్టమైన విషయం తెలుగువారి చెవికి ఎక్కకపోవడానికి భాష కూడా కొంత కారణమని చెప్పాలి. తెలుగులో చల్లదనం దీవెన. కడుపు చల్లగా ఉండమని పెద్దలు ఆశీర్వదిస్తారు; మనసుకు నచ్చిన మాట చల్లని మాట; వేసవిలో బాటసారులకు మంచినీళ్లు పోసే పందిరిని చలివేంద్రం అని పిలిచి పుణ్యకార్యాల్లో చేర్చారు. ఎండ తగిలి మనిషి పడిపోతే దానికి వడదెబ్బ అనే కచ్చితమైన పేరు ఉంది, దాని లక్షణాలూ వైద్యమూ పల్లెటూరి ముసలమ్మకు కూడా తెలుసు. నీటి చలికి మనిషి పడిపోవడానికి అలాంటి పేరు వాడుకలో లేదు, ఎందుకంటే ఆ అవసరం రాలేదు. వేసవిలో కృష్ణా గోదావరుల నీరు, మోటబావి నీరు, కాలువ నీరు ఒంటికి హాయినిచ్చేవే తప్ప ఒంటిని కొయ్యబార్చేవి కావు. తెల్లవారుజామున కార్తిక స్నానం చేసిన అనుభవం గలవారు చన్నీటికి వెరవబోమని అనుకోవడం సహజమే, కాని ఆ స్నానపు నీరు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది, పైగా మూడు మునకలతో ముగుస్తుంది. చిన్నప్పుడు చెరువులో ఈత నేర్చిన ధీమా ఈ నదికి చాలదు. ఆ చెరువు వేరు, ఈ నీరు వేరు.

వైద్యశాస్త్రం ఈ స్థితిని హైపోథర్మియా అంటుంది; తెలుగులో అల్పోష్ణస్థితి అనవచ్చు. శరీరం లోపలి భాగాల, అంటే గుండె, మెదడు, ఊపిరితిత్తుల ఉష్ణోగ్రత మామూలుగా 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అది 35 డిగ్రీల కంటే దిగువకు జారితే హైపోథర్మియా మొదలైనట్టు లెక్క. 35 నుంచి 32 వరకు స్వల్పం, 32 నుంచి 28 వరకు మధ్యమం, అంతకంటే తక్కువైతే తీవ్రం. రెండు డిగ్రీల జ్వరానికి గాభరాపడి మాత్ర వేసే ఇల్లు, రెండు డిగ్రీలు తగ్గడం కూడా జబ్బేనని తలచదు. గాలి కంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా వేడిని ప్రసరింపజేస్తుంది కనుక, అదే 10 డిగ్రీల గాలిలో స్వెటరు వేసుకుని హాయిగా నడిచే మనిషి 10 డిగ్రీల నీటిలో తన వేడిని కూడబెట్టుకునే దానికంటే త్వరగా పోగొట్టుకుంటాడు. అయితే హైపోథర్మియా ఈ కథలో చివర వచ్చే శత్రువు. దానికంటే ముందు మరో రెండు వస్తాయి, చాలామంది విషయంలో మూడోదానికి వంతే రాదు.

మొదటిది శీతాఘాతం. చర్మం ఒక్కసారిగా చల్లబడినప్పుడు, చర్మంలోని చలిని గ్రహించే నాడులు మనిషి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఒక పెద్ద ఊపిరిని లోపలికి లాగిస్తాయి. తలస్నానానికి చన్నీళ్లు గుమ్మరించుకున్నప్పుడు నోటి వెంట వచ్చే ఆ హఠాత్తు శ్వాసే ఇది, కాకపోతే ఎన్నో రెట్లు బలమైనది. ఆ క్షణంలో తల నీటి పైన ఉంటే లోపలికి పోయేది గాలి, నీటి కింద ఉంటే లోపలికి పోయేది నది. ఆ తరువాత రెండు మూడు నిమిషాల పాటు శ్వాస అదుపు తప్పి రొప్పు పుడుతుంది, ఊపిరి బిగబట్టే శక్తి కొద్ది సెకన్లకు పడిపోతుంది, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకోవడంతో రక్తపోటు ఎగసి గుండె మీద భారం పడుతుంది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ టిప్టన్ వంటి శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు చేసిన పరిశోధనల వల్ల, చన్నీటి మరణాల్లో చాలావాటికి శరీరం చల్లబడిపోవడం కాక ఈ తొలి నిమిషాల కల్లోలమే కారణమని తేలింది. 15 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ నీటిలో ఇది బలంగా ఉంటుంది. అంటే ఆనకట్ట కింద అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఇది వర్తిస్తుంది. బండ మీది నుంచి దూకడం, పందెం కాసి ఒక్క ఉదుటున మునగడం, సరదాకు స్నేహితుణ్ని వెనుక నుంచి తోయడం అనే మూడూ ఈ ఆఘాతాన్ని తల నీటి కింద ఉన్న క్షణానికే తెచ్చిపెడతాయి. ఇదే పరిశోధన ఒక మంచి మాట కూడా చెప్పింది: రొప్పు దానంతట అదే తగ్గుతుంది. ఆ కాసేపు ఈదబోకుండా, వెల్లకిలా పడుకుని, నోరూ ముక్కూ నీటి పైన ఉంచి తేలుతూ ఉన్నవారు బతికే అవకాశం ఎక్కువ. బ్రిటన్‌లో లైఫ్‌బోట్ రక్షణ సంస్థ ముందు తేలమనీ ఆ తరువాతే ఈదమనీ ఏళ్లుగా ప్రచారం చేస్తున్నది ఇందుకే.

రెండోదానికి తెలుగులో మంచి మాట ఉంది: కొంకర్లు పోవడం. లోపలి అవయవాలను కాపాడుకునేందుకు శరీరం చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గిస్తుంది. అది బుద్ధిగల రాజు కోటను నిలుపుకోవడానికి పొలిమేర గ్రామాలను వదులుకోవడం వంటిది. పొలిమేరలో ఉన్నవి ఈదే కండరాలు. నరాలూ కండరాలూ చల్లబడటంతో వేళ్లు వంగిపోతాయి, పిడికిలి బిగియదు, విసిరిన తాడు చేతికి అందినా పట్టు దొరకదు, లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోవడం సాధ్యం కాదు. చేయి చాచి ఈదేవాడు చేయి ముడిచి ఈదుతాడు, తరువాత నిటారుగా నిలబడి నీటిని తొక్కుతాడు, తరువాత మునుగుతాడు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మంచులాంటి నీటికి ఒక లెక్క కట్టారు: శ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ పనికి వచ్చే వ్యవధి 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి 1 గంట. బ్యూఫోర్డ్ దిగువ నీరు మంచుగడ్డ కంటే కొద్దిగా వెచ్చన కనుక గడువులు కొంత పొడిగినా, వాటి వరుస మాత్రం మారదు. ఇక్కడ గుర్తించవలసినది ఏమంటే, ఈత వచ్చినవాడికీ రానివాడికీ ఉన్న తేడా పది నిమిషాల తరువాత చాలావరకు చెరిగిపోతుంది. ఆ తరువాత తేడా చూపేది ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉందా లేదా అన్నదే. దానిని పడవలో కూర్చునే చోట దిండుగా వేసుకునే అలవాటు వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే నీటిలో పడ్డాక దానిని తొడుక్కోవలసిన వేళ్లు అప్పటికే కొంకర్లు పోయి ఉంటాయి.

మూడోదైన అసలు హైపోథర్మియా నెమ్మదిగా వస్తుంది, అందువల్లే గాలి నింపిన ట్యూబుల మీద తేలిపోయే విహారానికి అది చుట్టం. ట్యూబులో కూర్చున్న మనిషి ముఖానికీ భుజాలకూ ఎండ తగులుతూ ఉంటుంది, నడుము కింది భాగమూ కాళ్లూ గంటల తరబడి నీటిలో ఉంటాయి. పైసగం చెమట పడుతూ ఉండగా కిందిసగం చల్లబడుతూ ఉండటం వల్ల శరీరపు ఫిర్యాదు మెదడుకు సరిగా చేరదు. మధ్యలో ట్యూబు బోల్తాపడి బట్టలు పూర్తిగా తడవడమో, మబ్బు పట్టి గాలి వీచడమో జరిగినప్పుడు వణుకు పుడుతుంది. గజగజ వణకడాన్ని బలహీనతగా భావించి నవ్వుకోవడం స్నేహబృందాల్లో మామూలే గాని, వణుకు శరీరం వేడి పుట్టించుకునే యంత్రం. అది నడుస్తున్నంతసేపు కొంత ధైర్యంగా ఉండవచ్చు. మాట ముద్దగా వస్తున్నప్పుడు, అడుగు తడబడుతున్నప్పుడు, చురుగ్గా ఉండే మనిషి ముభావంగా కూర్చుని అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతున్నప్పుడు స్థితి విషమిస్తున్నదని తెలుసుకోవాలి. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోవడం అన్నిటికంటే చెడ్డ గుర్తు. ఆ దశలో కొందరు విపరీతమైన ఉక్క పోస్తున్నట్టు ఉన్న బట్టలు కూడా విప్పేస్తారు. తాను బాగానే ఉన్నానని చెప్పే మనిషి మాటను నమ్మరాని జబ్బులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఇది ముఖ్యమైనది, ఎందుకంటే ఇది మొదట దెబ్బతీసేది ఆ మాట చెప్పే మెదడునే.

ఒడ్డుకు చేర్చడంతో గండం గడిచిందని అనుకోవడానికి వీల్లేదు. నీటి ఒత్తిడి తొలగి మనిషిని నిటారుగా లేపినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి, చల్లబడిన గుండె లయ తప్పే అవకాశం ఉంది కనుక, బాగా చల్లబడినవారిని వీలైనంతవరకు పడుకోబెట్టిన భంగిమలోనే బయటకు తీసి, నడిపించకుండా, కుదుపు లేకుండా ఉంచాలి. ఇక్కడ తెలుగిళ్ల ఆచారం ఒకటి అడ్డు వస్తుంది. ఒళ్లు చల్లబడిన మనిషికి అరచేతులూ అరికాళ్లూ గట్టిగా రుద్దడం తరతరాల అలవాటు, ప్రేమతో చేసే పని. కాని ఈ స్థితిలో ఆ మర్దన చల్లబడిన చర్మానికి గాయం చేయడమే కాక, గుండె లయను చెదరగొట్టవచ్చు. బ్రాందీ గొంతులో పోయడం ఇంకా పొరపాటు, ఎందుకంటే మద్యం చర్మపు రక్తనాళాలను విప్పార్చి, వెచ్చగా ఉన్నట్టు భ్రమ కల్పిస్తూనే లోపలి వేడిని బయటికి పోనిస్తుంది. చేయవలసింది తడిబట్టలు తీసి, తుడిచి, పొడి దుప్పట్లు కప్పి, తలకు టోపీ పెట్టి, గాలి తగలని చోట ఉంచి, 911కు ఫోన్ చేయడం. పూర్తి స్పృహలో ఉండి మింగగలిగిన వారికి తియ్యని వేడి పానీయం ఇవ్వవచ్చు, అది అల్లం టీ అయినా తప్పు లేదు. బాగా చల్లబడిన మనిషికి నాడి అందనంత మాత్రాన ఆశ వదలరాదు. నార్వేలో 1999లో మంచు కింద వాగులో చిక్కుకున్న అన్నా బోగెన్‌హోమ్ అనే వైద్యురాలి శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయిన తరువాత కూడా ఆమెను వైద్యులు బతికించగలిగారు.

ఇంత ఉన్నా ఈ ప్రమాదం వార్తల్లో కనిపించకపోవడానికి మరణ కారణాలను నమోదు చేసే తీరు కూడా కారణం. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు సముద్రం నీరు సున్నాకు సుమారు రెండు డిగ్రీల దిగువన ఉంది. లైఫ్ బెల్టులు కట్టుకుని తేలుతూ ఉన్నవారు వందల సంఖ్యలో చలికి చనిపోగా, లోకం మాత్రం వారు మునిగి చనిపోయారనే చెప్పుకుంది. నేటికీ ఒక యువకుడు చన్నీటిలో కొంకర్లు పోయి చనిపోతే పత్రికలో వచ్చేది ఈతకు వెళ్లి మృతి అన్న మాటే. చదివినవారు ఈత రాదు కాబోలు అనుకుని పేజీ తిప్పుతారు. ఆనకట్ట దిగువన నది ఎలా ప్రవర్తిస్తుందో తెలుగు సమాజం ఒకసారి ఎంతో ఖరీదు చెల్లించి చూసింది: 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో హైదరాబాదు నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోయారు. అక్కడ ప్రధాన కారణం హఠాత్తుగా పెరిగిన ప్రవాహమే గాని చలి కాదు. అయినా ఆ నది మంచు కరిగిన నీటిది, బ్యూఫోర్డ్ దిగువన ఉన్నట్టే అక్కడా రెండు అపాయాలు ఒకే నీటిలో ఉన్నాయి. బ్యూఫోర్డ్ దగ్గర నీరు వదిలే ముందు సైరన్ మోగుతుంది. కొద్ది నిమిషాల్లో నీటిమట్టం అడుగుల లెక్కన పెరుగుతుంది. నీటిలో ఉన్న మనిషికి సైరన్ వినబడినా, కాళ్లు కొంకర్లు పోయి ఉంటే ఒడ్డుకు చేరడం అంత తేలిక కాదు.

ఈ మాట చట్టహూచీకే పరిమితం కాదు. సియెరా నెవాడా పర్వతాల మంచు కరిగి దిగే కాలిఫోర్నియా నదులు మే, జూన్ నెలల్లో ఎండతో పాటే ఉధృతమై మంచుచల్లగా పారుతాయి; 500 మీటర్ల లోతున్న టాహో సరస్సు వేసవి ఆరంభంలో చూపుకు నీలంగా, తాకితే నిప్పులా ఉంటుంది; మిషిగన్ సరస్సులో గాలి వెచ్చని పైనీటిని తీరం నుంచి లోపలికి నెట్టినప్పుడు అడుగునీరు పైకి ఉబికి, నిన్న ఈదిన రేవే ఇవాళ గడ్డకట్టించే రేవుగా మారుతుంది. ఆ నీళ్లకు దగ్గరి ఊళ్లలోనూ తెలుగు సంఘాలు ఉన్నాయి. అయినా అట్లాంటా పేరు మీదనే ఈ లేఖ రాయడానికి కారణం, మిగిలినవాటిలో చాలాచోట్ల పర్వతాలూ మంచూ కళ్లకు కనిపించి కొంతైనా హెచ్చరిస్తాయి; ఇక్కడ పైన్ చెట్లు, కీచురాళ్ల రొద, ఉక్కపోత తప్ప చలిని సూచించేది ఏదీ ఎదుట ఉండదు.

ప్రమాదం అందరికీ సమానం కాదు. బరువుతో పోల్చితే చర్మవైశాల్యం ఎక్కువ కావడం వల్ల చిన్నపిల్లలు పెద్దల కంటే త్వరగా చల్లబడతారు. ఆటలో మునిగి ఉన్న పిల్లవాడి పెదవులు నీలమయ్యాయని చెప్పవలసింది ఒడ్డున ఉన్న తల్లే, వాడు కాదు. స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రుల్లో గుండెజబ్బు, మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికి శీతాఘాతం గాని, చలిని గుర్తించలేకపోవడం గాని మరింత హాని చేస్తుంది; పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహరోగి మోకాలి లోతు నీటిలో అరగంట నిలబడినా తెలియకపోవచ్చు. నూలు చుడీదారు, జీన్సు, పంచె నీటిని పీల్చి బరువెక్కి, బయటికి వచ్చిన తరువాత కూడా ఆరకుండా వేడిని లాగుతూనే ఉంటాయి. సంప్రదాయమూ సౌకర్యమూ అన్నిచోట్లా కలిసి నడవవు. విహారంలో తాగే బీరు సంగతీ పైన చెప్పిన బ్రాందీ సంగతే.

సంఘాల నుంచి ఈ లేఖ కోరేది పెద్ద పథకమేమీ కాదు. వనభోజనానికి పంపే ఆహ్వానపత్రంలో వంటల జాబితా ఉంటుంది, పార్కింగ్ వివరం ఉంటుంది, ఆనాటి వాతావరణ సూచన ఉంటుంది. ఆ పక్కనే నీటి ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో ఒక్క వరుస అచ్చువేస్తే చాలు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ చట్టహూచీ పొడుగునా కొలమానాలు అమర్చి నీటి ఉష్ణోగ్రతనూ మట్టాన్నీ ఎప్పటికప్పుడు ప్రకటిస్తోంది. ఆనకట్ట నుంచి నీరు ఎప్పుడు వదులుతారో సైన్యపు ఇంజనీర్ల విభాగం ముందుగా తెలియజేస్తోంది. ఈ సమాచారం ఇంగ్లీషులో, ఫారెన్‌హీట్‌లో, ఎవరూ చూడని చోట పడి ఉంది. దానిని తెలుగులోకి, సెల్సియస్‌లోకి, ప్రతి కుటుంబం ఫోనులో చూసే వాట్సాప్ బృందంలోకి తెచ్చే శక్తి ఆ నదీతీరాన్ని చూసుకునే జాతీయ ఉద్యానవన శాఖకు లేదు, సంఘాలకు ఉంది. ఆగస్టులో విశ్వవిద్యాలయాల్లో చేరే విద్యార్థులకు సంఘాలు జరిపే స్వాగతసభల్లో బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, క్రెడిట్ స్కోరు గురించి చెప్పే గంటలో నీటి గురించి ఐదు నిమిషాలు కేటాయించడం కష్టం కాదు.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం పనికిరాదు. బ్యూఫోర్డ్ ఆనకట్ట నుంచి 20వ నంబరు రహదారి వంతెన వరకు నదిలో ఉన్న ప్రతి ఒక్కరూ దానిని ధరించాలని జార్జియా చట్టమే నిర్దేశిస్తోంది. ఆ వంతెన దాటిన మరుక్షణం నీరు వెచ్చబడదు కనుక, సంఘం పేరు మీద జరిగే విహారాల్లో వంతెన హద్దును లెక్కించకుండా అంతటా అదే నియమం పెట్టుకోవడం ఉచితం. దాండియా కోలలు, రంగస్థల సామగ్రి, పెద్ద వంటపాత్రలు కొని భద్రపరచే సంఘాలు పాతిక లైఫ్ జాకెట్లు కొని అడిగినవారికి ఎరువిచ్చే ఏర్పాటు చేయవచ్చు. పిల్లల కొలతలవి ఎక్కువగా ఉండాలి. ప్రతి బృందంతోనూ నీళ్లు చొరని సంచిలో రెండు పొడి దుప్పట్లు, ఒక ఫ్లాస్కు వేడి టీ ఉండాలి. వంటల బాధ్యత పంచుకున్నట్టే ఆ సంచి బాధ్యతను కూడా ఒకరి పేరు మీద రాయాలి, లేకపోతే అది ఎవరి కారులోనో ఉండిపోతుంది.

భయపెట్టి జనాన్ని నదికి దూరం చేయడం అవుతుందేమోనన్న సంకోచం కొందరు సభ్యులకు కలగవచ్చు. ట్రౌట్ వేటగాళ్లు ఏడాది పొడుగునా ఆ నదిలోనే నిలబడుతున్నారు, పడవ నడిపేవారు నడుపుతున్నారు. వారికీ కొత్తగా వచ్చినవారికీ ఉన్న తేడా ధైర్యంలో లేదు, ఆ నీటి అంకె ముందుగా తెలిసి దానికి తగిన బట్టలు వేసుకోవడంలో ఉంది. వడదెబ్బకు పేరు ఉన్నట్టే దీనికీ వాడుకలో ఒక పేరు ఉంటే మేలు. నీటిదెబ్బ అన్నా, చలిదెబ్బ అన్నా, పిల్లల నోట నానితే చాలు. రానున్న మెమోరియల్ డే నాటి ఆహ్వానపత్రం ఇప్పటికే తయారవుతూ ఉండవచ్చు. పులిహోర ఎవరు తెస్తున్నారన్న వరుసకు కింద, మరో వరుసకు చోటు ఉంది: ఈ రోజు నది 9 డిగ్రీలు.